పశువుల ప్రియాన్ వ్యాధులు మనుషులకు చేరకుండా: గోదావరి డెల్టా కుటుంబాలకు ఆచరణ మార్గం

పశువుల్లో కనిపించే ప్రియాన్ వ్యాధుల్లో, అంటే రూపం చెడిన ఒక ప్రొటీన్ వల్ల మెదడుకు వచ్చే వ్యాధుల్లో, మనుషులకు సోకినట్టు నిర్ధారణ అయినది ఇంతవరకు ఒక్కటే. అది 1986లో బ్రిటన్‌లో మొదటిసారి గుర్తించిన బీఎస్ఈ, అంటే పత్రికల్లో మ్యాడ్ కౌ పేరుతో మనం చదివిన వ్యాధి. మన దేశంలో ఏ ఆవులోనూ, ఏ గేదెలోనూ ఇది ఇప్పటివరకు నమోదు కాలేదు. ఈ వ్యాధి ముప్పు అత్యల్పంగా ఉన్న దేశాల జాబితాలో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010లో భారతదేశాన్ని చేర్చింది. కాబట్టి గోదావరి జిల్లాల్లో పాలు తాగేవారుగానీ మాంసం తినేవారుగానీ ఈ వ్యాధి గురించి భయపడవలసిన పరిస్థితి ఈనాడు లేదు. అయినా జాగ్రత్తలు రాయవలసి వచ్చింది, ఎందుకంటే ఈ వ్యాధి వచ్చిన తరువాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. రాకుండా చూసుకోవలసిన చోటు మాత్రం ప్రతి పాడి రైతు చేతిలోనే ఉంది. ఆ చోటు పశువు మేత మేసే తొట్టి.

డెల్టాకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువులు, అనపర్తి, తణుకు చుట్టుపక్కల కోళ్ల ఫారాలు, కడియం ప్రాంతంలో నర్సరీలు, కోనసీమలో కొబ్బరి తోటలు, వీటన్నిటి మధ్యా ఇంటింటా గేదెలు ఉంటాయి. ఒకే రైతుకు ఇందులో రెండు మూడు వ్యాపకాలు ఉండడం ఇక్కడ మామూలు. అందువల్ల చేపల మేత, కోళ్ల మేత, ఎముకల పొడి, గేదెల దాణా ఒకే గదిలో పక్కపక్కనే చేరుతాయి. కింద చెప్పబోయే బ్రిటన్ అనుభవాన్ని శ్రద్ధగా చదివినవారికి ఈ పక్కపక్కన ఉండడమే ఆలోచించవలసిన విషయంగా కనిపిస్తుంది.

వ్యాధి స్వభావం, క్లుప్తంగా

ప్రియాన్ అనేది బాక్టీరియా కాదు, వైరస్ కాదు. మన మెదడులోనూ పశువుల మెదడులోనూ సహజంగా ఉండే ఒక ప్రొటీన్ తన ముడత తప్పి వికృత రూపం దాల్చినప్పుడు దానిని ప్రియాన్ అంటారు. తోడు వేసిన చుక్క పెరుగు గిన్నెడు పాలను తన రూపంలోకి తెచ్చుకున్నట్టు, ఈ వికృత ప్రొటీన్ తనకు తగిలిన మంచి ప్రొటీన్‌ను తనవంటిదానిగా మార్చుకుంటూ పోతుంది. అందులో జన్యుపదార్థం ఏదీ లేకుండానే వ్యాధి వ్యాపిస్తుందని 1982లో స్టాన్లీ ప్రూసినర్ ప్రతిపాదించినప్పుడు శాస్త్రలోకం చాలాకాలం నమ్మలేదు. 1997లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. మెదడు క్రమంగా స్పాంజిలా రంధ్రాలు పడి, పశువైనా మనిషైనా మరణించడంతోనే ఈ వ్యాధి ముగుస్తుంది. దీనికి టీకా లేదు, నయం చేసే మందు లేదు.

ఆచరణకు సంబంధించినంతవరకు గుర్తుపెట్టుకోవలసిన గుణం మరొకటి ఉంది. ప్రియాన్లు వేడికి లొంగవు. ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స పరికరాలను ప్రియాన్ల నుంచి శుద్ధి చేయడానికి 134 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో 18 నిమిషాలు ఉంచాలని ప్రమాణం పెట్టుకున్నారు, దానికి తోడు కాస్టిక్ సోడా ద్రావణం కూడా వాడతారు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ వేడి సుమారు 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, ఫ్రీజర్‌లో పెట్టడం, స్పిరిట్‌తో తుడవడం, ఫినాయిల్ చల్లడం ఇవేవీ పనిచేయవు. ఫార్మలిన్ అయితే ప్రియాన్లను నాశనం చేయకపోగా వాటిని మరింత గట్టిపరుస్తుంది. మాంసం బాగా ఉడికిస్తే ఏ రోగమూ ఉండదన్న మన పెద్దల మాట తక్కిన రోగాల విషయంలో నూటికి తొంభై పాళ్లు నిజం. ఈ ఒక్క వ్యాధి విషయంలో అది చెల్లదు. అందువల్ల జాగ్రత్త వంటింటి కంటే ఎంతో ముందే మొదలుకావాలి.

దాణా గది, మేత తొట్టి, కుడితి గోలెం

బ్రిటన్‌లో జరిగింది ఇది. కబేళాల్లో మిగిలిన వ్యర్థాలను, చనిపోయిన పశువుల కళేబరాలను ఉడికించి, కొవ్వు తీసి, మిగిలినదాన్ని పొడిచేసి, మాంసపు ఎముకల పొడి పేరుతో దూడల దాణాలోనూ పాడి ఆవుల దాణాలోనూ ప్రొటీన్ కోసం కలిపారు. గడ్డి తిని నెమరువేసే జంతువుకు తన జాతి శరీరాన్నే తినిపించారు. ఎక్కడో ఒక పశువులో ఉన్న వ్యాధి ఈ దారిన వేల పశువులకు చేరింది. బ్రిటన్‌లో మొత్తం 1,80,000కు పైగా పశువులకు వ్యాధి నిర్ధారణ అయింది. 1988 జులైలో నెమరువేసే పశువులకు అలాంటి పొడి పెట్టరాదని నిషేధించారు. నిషేధం తరువాత పుట్టిన పశువుల్లో వ్యాధి ఆగిపోవాలి. అయితే అలా పుట్టినవాటిలో కూడా 40,000కు పైగా ఆవులకు వ్యాధి వచ్చింది. కారణం వెతికితే, కోళ్లకూ పందులకూ ఆ పొడిని వాడడం అప్పటికి చట్టబద్ధమే కావడం వల్ల, ఒకే మిల్లులో, ఒకే యంత్రంలో, ఒకే లారీలో రెండు రకాల దాణాలు తయారై రవాణా అయ్యాయని, వాటి అవశేషాలు ఆవుల దాణాలో కలిశాయని తేలింది. 1992-93 తరువాత కేసులు తగ్గుముఖం పట్టినా, 1996లో వ్యవసాయ పశువులన్నిటికీ ఆ పొడిని పూర్తిగా నిషేధించిన తరువాతే ఈ దారి దాదాపుగా మూసుకుపోయింది. వ్యాధి ఉన్న ఆవు మెదడు పదార్థం ఒక గ్రాము నోటి ద్వారా వెళ్లినా మరో పశువుకు సోకుతుందని ప్రయోగాల్లో తేలింది, అంతకంటే ఎంతో తక్కువ మోతాదుకు సైతం సోకిన ఉదాహరణ ఉంది. అంటే ఇక్కడ కొంచెమే కదా అన్న మాటకు చోటు లేదు.

మన దేశంలో నియమం స్పష్టంగానే ఉంది. పాల కోసం, మాంసం కోసం పెంచే పశువులకు మాంసం, ఎముకల పొడి, రక్తపు పొడి, ఆవు, గేదె, పంది జాతుల అవయవాలు కలిసిన దాణా పెట్టరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. కోళ్లకు, పందులకు, చేపలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు దగ్గరే డెల్టా రైతు అప్రమత్తంగా ఉండాలి. కోళ్ల మేత బస్తాలోనో చేపల మేత బస్తాలోనో జంతు ప్రొటీన్ ఉండడం తప్పు కాదు. ఆ బస్తా గేదె ముందుకు వచ్చినప్పుడు తప్పవుతుంది.

కాబట్టి మొదట చేయవలసింది దాణా గదిని విడదీయడం. గేదెలకు, ఆవులకు, గొర్రెలకు, మేకలకు పెట్టే తవుడు, చిట్టు, తెలగపిండి, పత్తిగింజల చెక్క, తయారీ దాణా ఒక గదిలోనూ, కోళ్లకు, చేపలకు, రొయ్యలకు వాడే మేత మరో గదిలోనూ ఉండాలి. రెండో గదికి వీలులేని ఇంట్లో కనీసం ఎదురెదురు మూలల్లో, పలకల మీద, మధ్యలో గోడగానీ అడ్డుగానీ ఉండేటట్టు పెట్టుకోవాలి. తోడే డబ్బా, చేట, బకెట్టు, తూకపు పళ్లెం దేనికి దానికి వేరుగా ఉండాలి, వాటికి రెండు రంగులు వేయించడం మంచిది, ఎందుకంటే పాలేరు మారినప్పుడల్లా కొత్తగా చెప్పవలసిన అవసరం రంగు వల్ల తప్పుతుంది. కోళ్ల మేత ఖాళీ అయిన గోతాల్లో తవుడు పోసుకురావడం మన వైపు చాలామందికి అలవాటు. ఆ అలవాటును పూర్తిగా మానుకోవాలి.

గడువు దాటిన మేత, తడిసిన మేత, చేపలు పట్టేసిన తరువాత చెరువు గట్టున మిగిలిపోయిన మేత, కోళ్ల షెడ్డు ఖాళీ చేసినప్పుడు తుడిచిన మేత వృథా ఎందుకని గేదెలకు వేసేవారు ఉన్నారు. ఖరీదైన మేత పారేయడానికి మనసు రాకపోవడం అర్థం చేసుకోదగినదే, అయినా నా దృష్టిలో డెల్టాలో ప్రియాన్ ముప్పుకు తలుపు తెరవగల పని ఏదైనా ఉంటే ఇదే మొదటిది. కోళ్ల ఎరువును, షెడ్డు ఊడ్చిన పరుపును ఎండబెట్టి దాణాలో కలపడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, ఎందుకంటే అందులో కోళ్లు తినకుండా చిమ్మిన మేత కలిసి ఉంటుంది. ఆ ఎరువు పొలానికి వేయవచ్చు; పశువులు మేసే గడ్డి మీద చల్లితే మాత్రం అది బాగా మట్టిలో కలిసేవరకు అక్కడ పశువులను మేపకూడదు.

తయారీ దాణా కొనేటప్పుడు బస్తా మీద ఐఎస్ఐ గుర్తు, పశువుల దాణాకు నిర్దేశించిన ఐఎస్ 2052 సంఖ్య, తయారీ తేదీ, తయారీదారు చిరునామా ఉన్నాయో లేదో చూడాలి. కుట్టు విప్పి మళ్లీ కుట్టిన బస్తా తీసుకోకూడదు. ఊళ్లో మిల్లువాడు తానే కలిపి ఇచ్చే దాణా అయితే, ఆ మిల్లులో కోళ్ల మేత కూడా ఆడుతున్నారా, మధ్యలో యంత్రాన్ని ఎలా శుభ్రం చేస్తున్నారు అని మొహమాటం లేకుండా అడగాలి. పశువుల దాణా ముందు ఆడి ఆ తరువాతే కోళ్ల మేత ఆడే మిల్లు, దానికంటే రెండు యంత్రాలు వేరుగా పెట్టుకున్న మిల్లు మంచిది. బిల్లు తీసుకుని దాచుకోవాలి. ఈ వ్యాధి లక్షణాలు పశువులో బయటపడడానికి సగటున 4 నుంచి 5 ఏళ్లు పడుతుంది కాబట్టి, ఏ దాణా ఎప్పుడు ఎక్కడ కొన్నామన్నది జ్ఞాపకం మీద వదలగలిగిన విషయం కాదు. ఖనిజ లవణ మిశ్రమం కొనేటప్పుడు అందులోని భాస్వరం రాతి భాస్వరం నుంచి వచ్చిందో ఎముకల నుంచి వచ్చిందో అడిగి, మొదటిదాన్నే ఎంచుకోవాలి.

కుడితి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కుడితి గోలెంలో పోసి గేదెకు తాగించడం తరతరాల మంచి పద్ధతి, దానిని వదులుకోవలసిన పని లేదు. కానీ మాంసం వండిన గిన్నె కడిగిన నీళ్లు, పులుసు అంటిన అన్నం, పళ్లెంలో వదిలేసిన ఎముకలు ఆ గోలెంలో పడకూడదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాళ్ల నుంచి, హోటళ్ల నుంచి మిగిలిన బిర్యానీని డబ్బాలకు డబ్బాలు తెచ్చి పశువులకు పెట్టడం పెరిగింది. అందులో మేక ఎముకలు, మాంసం ముక్కలు తప్పకుండా ఉంటాయి. ఏరి పారేశామని చెప్పినా ఆ రసం అన్నంలో ఉండనే ఉంటుంది. అంత అన్నం ఒక్కసారి తిన్న గేదెకు పొట్టలో పులిసి ప్రాణం మీదికి రావడం పశువైద్యులు ఎప్పుడూ చూసే విషయమే, కనుక దీన్ని మానడానికి ప్రియాన్ ఒక్కటే కారణం కానక్కర్లేదు. మాంసాహారపు మిగులు వేయడానికి ఇంట్లో మూతపెట్టిన వేరే బకెట్టు ఒకటి పెట్టుకుంటే సమస్య అక్కడితో తీరుతుంది.

కడియం నర్సరీల్లో, కొబ్బరి తోటల్లో ఎరువుగా వాడే ఎముకల పొడికి కూడా ఇదే శ్రద్ధ అవసరం. ఆ బస్తాను పశువుల పాకలో నిలవ ఉంచకూడదు. భాస్వరం లోటు ఉన్న గేదెలు ఎముకలు నాకడం, నమలడం చేస్తాయి. వాటికి ఆ పొడి వాసన తగిలితే బస్తా చింపుకుని మరీ తింటాయి. మొక్క మొదట్లో వేసిన పొడిని వెంటనే మట్టితో కప్పాలి, వేసేటప్పుడు దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్కు కట్టుకోవాలి, ఆ తోటలోకి కొన్ని వారాలపాటు పశువులను వదలకూడదు. ఎముకలు నాకే గేదె ఉంటే ఆ అలవాటును అల్లరిగా తీసుకోకుండా పశువైద్యుడికి చూపించి లవణ మిశ్రమం పెట్టించాలి.

కోడి వ్యర్థాలను చేపల చెరువుల్లో వేయడాన్ని ప్రభుత్వం నిషేధించినా కొన్నిచోట్ల అది సాగుతున్న సంగతి అందరికీ తెలిసిందే. కోళ్లలో, చేపల్లో సహజంగా ప్రియాన్ వ్యాధి వ్యాపిస్తున్నట్టు ఆధారం లేదు కనుక ఆ వ్యవహారాన్ని ఈ వ్యాధితో నేరుగా ముడిపెట్టడం సరికాదు. అయితే మేకల, గేదెల కబేళా వ్యర్థాలను కూడా అదే లారీలో కలిపి తెస్తే, ఆ చెరువు గట్టు మీద మేసే పశువులకు, ఆ నీళ్లు తాగే పశువులకు అవి అందుబాటులోకి వస్తాయి. ఆ కారణంగా అభ్యంతరం చెప్పవలసిందే.

పశువు తూలుతున్నా, బెదురుతున్నా

బీఎస్ఈ సోకిన ఆవు సాధారణంగా నాలుగేళ్లు దాటినది అయి ఉంటుంది. మామూలుగా సాధువైన పశువు పాలు పితికేటప్పుడు తన్నడం, చిన్న శబ్దానికి, చేతి స్పర్శకు ఉలిక్కిపడడం, గుమ్మం దాటడానికి జంకడం, వెనుక కాళ్లు తడబడడం, మేత తింటున్నా చిక్కిపోవడం, పాలు తగ్గడం కనిపిస్తాయి. ఇవి వారాలు, నెలల తరబడి నెమ్మదిగా ముదురుతాయి, జ్వరం ఉండదు.

ఇలాంటి లక్షణాలు మన ఊళ్లో కనిపిస్తే మొదట అనుమానించవలసింది మాత్రం రేబిస్. పిచ్చికుక్క కరిచిన గేదె కూడా బెదురుతుంది, గొంతు మారి అరుస్తుంది, చొంగ కారుస్తుంది, నడుము పడిపోతుంది, కానీ లక్షణాలు మొదలైన పది రోజుల లోపే దాదాపు ఎప్పుడూ చనిపోతుంది. చొంగ కారుతున్నప్పుడు గొంతులో ఏదో అడ్డుపడిందని చేయి లోపలికి పెట్టి చూడడం పల్లెల్లో జరుగుతున్న అతి ప్రమాదకరమైన పని. ప్రియాన్ ఊహకు అందని దూరంలో ఉంటే రేబిస్ వీధిలోనే ఉంది. అందుచేత నోట్లో చేయి పెట్టకుండా, పశువును విడిగా గట్టిగా కట్టి, పిల్లలను దూరంగా ఉంచి, గ్రామ పశువైద్యశాలకు గానీ పశువైద్య సేవల 1962 నంబరుకు గానీ ఫోన్ చేయాలి. చొంగ గాయాలకు తగిలితే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా విషయం అడగాలి. సర్రా, పాల జ్వరం, మెగ్నీషియం లోపం, కీటోసిస్, సీసం విషం వంటి చికిత్సకు లొంగే కారణాలు కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి కాబట్టి, పశువు ఇక బతకదని ముందే తేల్చి కసాయికి అమ్మేయడం తొందరపాటు. ఆ అమ్మకం నష్టాన్ని తగ్గించేదిగా కనిపిస్తుంది, కానీ కారణం తెలియని నాడీ రోగం ఉన్న పశువు మాంసం ఊరి వంటిళ్లలోకి వెళ్లేది సరిగ్గా ఆ దారినే. అలాంటి పశువును అమ్మరాదు, కోయరాదు, దాని మాంసం కుక్కలకు కూడా వేయరాదు.

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం షెడ్యూలులో బీఎస్ఈ, గొర్రెలకు వచ్చే ప్రియాన్ వ్యాధి అయిన స్క్రేపీ రెండూ ఉన్నాయి. అనుమానం కలిగినప్పుడు యజమాని గ్రామాధికారికి గానీ పంచాయతీకి గానీ తెలియజేయాలని, వారు పశువైద్యుడికి రాయాలని ఆ చట్టం చెబుతుంది. నిర్ధారణ బతికి ఉన్న పశువు రక్తపరీక్షతో జరగదు. చనిపోయిన తరువాత మెదడు కింది భాగం నుంచి నమూనా తీయాలి. అది పశువైద్యుడి పని, ఆయన రాకముందు తల కోయడం, పుర్రె పగలగొట్టడం ఎవరూ చేయకూడదు.

గొర్రెల స్క్రేపీ యూరప్‌లో 18వ శతాబ్దం నుంచి తెలిసిన వ్యాధి. మన దేశంలో హిమాలయ పాదాల ప్రాంతపు గొర్రెల్లో దీన్ని గుర్తించినట్టు 1961లో నివేదిక వచ్చింది. రెండున్నర శతాబ్దాలకు పైగా జనం ఆ గొర్రెల మాంసం తిన్నా మనుషులకు స్క్రేపీ సోకిందనడానికి ఆధారం దొరకలేదు. గోడకు, స్తంభానికి ఒళ్లు రుద్దుకునే గొర్రె మన దగ్గర దాదాపు ఎప్పుడూ గజ్జిగానీ పేలుగానీ ఉన్న గొర్రెయే, ముందు దానికి వైద్యం చేయించాలి. స్క్రేపీ ఉన్నచోట గొర్రె ఈనినప్పుడు పడే మావి ద్వారా అది మందలో వ్యాపిస్తుంది. కోతల తరువాత పొలాల్లో మంద కట్టించుకునే రైతులు ఈనిన చోట మావిని కుక్కలకు, తక్కిన గొర్రెలకు అందకుండా పూడ్పించడం ఏ విధంగా చూసినా మంచిదే.

మాంసం, తలకాయ, మెదడు

వ్యాధి ఉన్న పశువులో ప్రియాన్లు ఒళ్లంతా సమానంగా ఉండవు. మెదడు, వెన్నుపాము, కళ్లు, వెన్ను పక్కనుండే నాడీ గ్రంథులు, టాన్సిళ్లు, చిన్నపేగు చివరి భాగం, వీటిలోనే ఎక్కువగా చేరతాయి. బ్రిటన్ 1989లో ఆవుల మెదడు, వెన్నుపాము వంటి భాగాలను మనుషుల ఆహారం నుంచి నిషేధించింది. అప్పటికే చాలామంది తినడం జరిగిపోయింది. 1996 మార్చి 20న, మనుషుల్లో కనిపించిన కొత్త రకం క్రూట్స్‌ఫెల్డ్-యాకబ్ అనే ప్రాణాంతక మెదడు వ్యాధికి బీఎస్ఈతో సంబంధం ఉండవచ్చని ఆ దేశ ప్రభుత్వం పార్లమెంటులో ప్రకటించింది. బ్రిటన్‌లో 178 మంది ఆ వ్యాధితో మరణించారు, వారి మధ్యస్థ వయసు కేవలం 28 ఏళ్లు. ఈ అంకె దగ్గర చదువరి ఒక క్షణం ఆగాలని కోరుతున్నాను: వారిలో ఎవరూ తెలిసి ప్రమాదం తెచ్చుకున్నవారు కాదు, దుకాణంలో అమ్మినదే కొని తిన్నవారు.

మన వైపు తలకాయ కూర, మేక మెదడు వేపుడు ఇష్టంగా తింటారు, పిల్లలకు బలమని పెడతారు. ఆరోగ్యంగా ఉన్న మేక మెదడు తినడం వల్ల ఎవరికైనా ప్రియాన్ వ్యాధి వచ్చిందనే ఆధారం లేదు కనుక ఆ వంటను మానమని చెప్పడం న్యాయం కాదు. అయితే బీఎస్ఈ సహజంగా ఒక మేకకు సోకినట్టు 2005లో ఫ్రాన్స్‌లో నిర్ధారణ అయింది, యూరప్‌లో ఏడాది దాటిన గొర్రెల, మేకల పుర్రె, మెదడు, కళ్లు, వెన్నుపాము ఆహారంలోకి రాకుండా నియమం పెట్టారు. ఈ రెండిటినీ దృష్టిలో పెట్టుకుని నేను చెప్పేది ఇది. మెదడు కొనాలనుకుంటే పశువైద్యుడు పరీక్షించి ముద్ర వేసిన మున్సిపల్ కబేళా మాంసం అమ్మే దుకాణంలో, లేత మేకపోతుదే కొనాలి. ముసలి మేకది, ఎక్కడ కోశారో చెప్పలేనిది, రోడ్డు పక్కన తలల కుప్పలో ఉన్నది వదిలేయాలి. జబ్బుపడి కోసిన, దానంతట అది చనిపోయిన జంతువు ఏ భాగమూ తినకూడదు. కసాయివారు వెన్నెముకను నిలువునా చీల్చేముందు వెన్నుపామును బయటికి లాగి వేరే డబ్బాలో వేయడం, తల కొట్టిన కత్తితో మాంసం కోయకపోవడం నేర్చుకుంటే కొనేవారికే కాదు, రోజూ ఆ పని చేసే వారికీ మేలు. వారు చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి.

పాల గురించి సందేహం అక్కర్లేదు. బీఎస్ఈ తీవ్రంగా ఉన్న దేశాల్లో సైతం పాలు, పాల ఉత్పత్తులు సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పెరుగు, నెయ్యి, వెన్న విషయంలో భయం అవసరం లేదు.

అమెరికాలో, కెనడాలో ఉంటున్న మన పిల్లలకు మాత్రం ఒక మాట చెప్పాలి. అక్కడి జింకల్లో సీడబ్ల్యూడీ అనే ప్రియాన్ వ్యాధి 1967లో కొలరాడోలో మొదట కనిపించి ఇప్పుడు చాలా రాష్ట్రాలకు వ్యాపించింది. 2016లో నార్వేలోనూ బయటపడింది. మనుషులకు సోకిన దాఖలా లేదు. అయినా ఆ ప్రాంతాల్లో వేటాడిన జింకను పరీక్ష చేయించి, వ్యాధి లేదని తేలాకే తినాలని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచిస్తోంది. తెలిసినవారు బహుమతిగా ఇచ్చిన జింక మాంసానికి కూడా అదే వర్తిస్తుంది.

కళేబరం

పశువు చచ్చిపోతే కాలువలోకో మురుగు డ్రెయినులోకో నెట్టేయడం డెల్టాలో ఇంకా పోలేదు. ఆ నీళ్లే దిగువ ఊళ్ల మంచినీటి చెరువులకు చేరుతాయి. ప్రియాన్లు మట్టిలో ఏళ్ల తరబడి నశించవు. ఐస్‌లాండ్‌లో స్క్రేపీ ఉన్న గొర్రెలను తీసేసి ఖాళీగా ఉంచిన దొడ్డిలో 16 ఏళ్ల తరువాత కూడా వ్యాధి తిరిగి కనిపించింది. సున్నం వాటిని చంపదు. నాడీ లక్షణాలతో చనిపోయిన పశువును పశువైద్యుడి సమక్షంలోనే పూడ్చాలి లేదా పూర్తిగా బూడిదయ్యేలా కాల్చాలి. లంక భూముల్లో, పల్లపు పొలాల్లో రెండు మూడు అడుగులకే నీరు ఊరుతుంది కాబట్టి మెరక చోటు, బోరుకు, చెరువుకు, కాలువ గట్టుకు దూరంగా ఉన్న చోటు పంచాయతీతో మాట్లాడి ముందే నిర్ణయించుకోవాలి. చర్మం ఒలవకూడదు, కొమ్ములు, ఎముకలు ఎముకల వ్యాపారికి అమ్మకూడదు.

రక్తం, మెదడు పదార్థం పడిన చోటును శుభ్రం చేయవలసి వస్తే, 2 శాతం క్లోరిన్ ఉన్న ద్రావణం గంటసేపు తడిగా నిలవాలి. తాజా బ్లీచింగ్ పౌడర్ అయితే లీటరు నీటికి సుమారు 60 నుంచి 70 గ్రాములు పడుతుంది. చెరువులకు మనం వాడే మోతాదుతో దీనికి పోలిక లేదు, ఆవిరి ఘాటుగా ఉంటుంది, యాసిడ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. పశువైద్య సిబ్బంది చెప్పినప్పుడు, వారి ఎదుటే చేయాలి.

ఇంట్లో మనిషికి అనుమానం వస్తే

మనుషుల్లో వచ్చే క్రూట్స్‌ఫెల్డ్-యాకబ్ వ్యాధిలో సుమారు 85 శాతం ఏ బయటి కారణమూ లేకుండా దానంతట అదే వచ్చేది. ప్రపంచమంతటా ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 90 లక్షలు. ఆ లెక్కన ఏటా 9 నుంచి 18 మంది వరకు ఇక్కడ ఈ వ్యాధి బారిన పడడం సహజం. అంటే డెల్టాలో ఒక పెద్దాయనకు ఈ వ్యాధి నిర్ధారణ అయితే, ఆయన తిన్న మాంసం వల్ల వచ్చిందనో ఇంట్లో గేదె వల్ల వచ్చిందనో అనుకోవడానికి ఆధారం ఉండదు. పశువుల నుంచి వచ్చే రకం మన దేశంలో ఇంతవరకు నమోదు కాలేదు. ఊళ్లో అలాంటి పుకారు పుడితే ఆ కుటుంబం పాలు ఎవరూ కొనరు, వారి బాధకు అవమానం తోడవుతుంది. పుకారును అక్కడే ఆపడం చుట్టుపక్కలవారి బాధ్యత.

వారాలు, నెలల వ్యవధిలో జ్ఞాపకశక్తి వేగంగా పోవడం, నడక తూలడం, చూపు మసకబారడం, చేతులు కాళ్లు ఉన్నట్టుండి అదరడం కనిపిస్తే నాడీ వైద్య నిపుణుడి దగ్గరకు తీసుకెళ్లాలి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి బోధనాసుపత్రి నుంచి మొదలుపెట్టవచ్చు. బి12 లోపం, థైరాయిడ్, టీబీ మెదడు వాపు, మెదడు పొరల కింద రక్తం గడ్డకట్టడం, స్వయం నిరోధక మెదడు వాపు, ఇవన్నీ ఇలాగే కనిపించి చికిత్సకు లొంగేవి. వాటిని తోసిపుచ్చేవరకు ఆశ వదలకూడదు. ఎంఆర్ఐ, ఈఈజీ, వెన్నునీటి పరీక్షలతో వైద్యులు నిర్ణయానికి వస్తారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ అయిన నిమ్హాన్స్‌కు ఈ వ్యాధి నిర్ధారణలో చాలా ఏళ్ల అనుభవం ఉంది.

వ్యాధి నిర్ధారణ అయిన మనిషిని ముట్టుకోవడం, అన్నం తినిపించడం, స్నానం చేయించడం, పక్కన పడుకోవడం వల్ల ఇది ఎవరికీ సోకదు. వేరే గదిలో పెట్టవలసిన పని లేదు, గిన్నెలు విడిగా పెట్టనక్కర్లేదు, అంతిమ సంస్కారాలు మామూలుగానే చేసుకోవచ్చు. కొన్ని విషయాల్లో మాత్రం కుటుంబం నోరు విప్పి చెప్పాలి. రోగి రక్తం, కళ్లు, అవయవాలు దానం చేయకూడదు. మరణానంతర పరీక్షగానీ దేహాన్ని నిలవ ఉంచే ప్రక్రియగానీ జరిగేటట్టయితే ఆ సిబ్బందికి ముందే వ్యాధి పేరు చెప్పాలి. రోగికి పన్ను, కన్ను, మెదడు, వెన్నుకు సంబంధించిన ఏ ఆపరేషన్ తలపెట్టినా, అంతకు ముందు అయిన ఆపరేషన్లు ఏవైనా ఉన్నా, ఆ వివరాలు తేదీలతో సహా వైద్యులకు రాసి ఇవ్వాలి, ఎందుకంటే మామూలు స్టెరిలైజేషన్‌కు లొంగని ఈ ప్రొటీన్ పరికరాల ద్వారా మరొకరికి చేరిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి. కుటుంబంలో తండ్రికో మేనత్తకో చిన్న వయసులోనే ఇలాంటి జబ్బు వచ్చి ఉంటే అది కూడా చెప్పాలి. 10 నుంచి 15 శాతం కేసులు వంశపారంపర్యంగా వచ్చేవి, అటువంటప్పుడు జన్యు పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది సలహా తీసుకున్న తరువాత ఆ ఇంటివారే నిర్ణయించుకోవలసి ఉంటుంది.